ముగ్గురికీ ఒకటే బిల్లు: జావా నేర్చుకుంటున్న ఒకరి కేసు

నేపథ్యం

వారమంతా ఒక కంపెనీలో బ్యాకెండ్ (సర్వర్ వైపు ప్రోగ్రాముల) పని చేస్తాను. శని, ఆదివారాల్లో బెంగళూరు బీటీఎం లేఅవుట్ వైపు ఒక చిన్న గదిలో మన పిల్లలకి జావా అనే ప్రోగ్రామింగ్ భాష చెప్తాను. వచ్చేవాళ్లలో చాలామంది మారతహళ్లిలో ఏదో ఒక ఇన్‌స్టిట్యూట్‌లో కోర్సు పూర్తి చేసినవాళ్లే. థియరీ రౌండ్ దాటేస్తారు, సొంతంగా కోడ్ రాయమనగానే చేతులు ఆగిపోతాయి. ఈ కేసు అలాంటి ఒక అబ్బాయిది. ఊరు, పీజీ (పేయింగ్ గెస్ట్ హాస్టల్), కోర్సు వివరాలన్నీ తీసేశాను. రూపాయల అంకెలు మార్చాను గానీ తప్పు మాత్రం అచ్చంగా అదే.

అతనిది రాయలసీమ. బీకాం అయ్యాక కొన్నాళ్లు అకౌంట్లు రాసి, సాఫ్ట్‌వేర్ అనుకుని బెంగళూరు వచ్చాడు. కోర్ జావా నుంచి జేడీబీసీ (జావాని డేటాబేస్‌తో కలిపే భాగం) దాకా సిలబస్ అంతా అయింది. స్టార్ ప్యాటర్న్‌లు కళ్లు మూసుకుని రాస్తాడు. ఓవర్‌లోడింగ్‌కీ ఓవర్‌రైడింగ్‌కీ తేడా అడిగితే గుక్క తిప్పుకోకుండా చెప్తాడు. ఇవన్నీ ఒకే ఫైల్లో, ఒకే మెయిన్ మెథడ్‌లో ఇమిడే ప్రోగ్రాములు. మెథడ్ అంటే ఒక పని చేసే కోడ్ ముక్క, ప్రోగ్రాం మొదలయ్యేది మెయిన్‌తో. రెండో క్లాసు (ఆబ్జెక్టులు తయారుచేసుకునే నమూనా) రాయాల్సి వచ్చేసరికి చిక్కు మొదలయ్యేది.

అభ్యాసానికి అతనే ఒక ప్రాజెక్టు ఎంచుకున్నాడు: తను ఉంటున్న పీజీ లెక్కలు. నెల అద్దె, ఊరికి వెళ్లిన రోజులకి భోజనం తగ్గింపు, కరెంటు బిల్లులో వాటా, అడ్వాన్సు. ఓనరు ఇవన్నీ లాంగ్ నోట్‌బుక్‌లో రాసుకుంటాడట. నాకు ఈ ఎంపిక నచ్చింది. లైబ్రరీ మేనేజ్‌మెంటో బ్యాంకు అకౌంటో అయితే నెట్‌లో కోడ్ దొరుకుతుంది, దీనికి దొరకదు. పైగా జవాబు ఎంత రావాలో అతనికి ముందే తెలుసు. చేత్తో లెక్క వేసుకోగలిగిన మనిషిని ప్రోగ్రాం మోసం చేయలేదు.

ఏం సమస్యతో వచ్చాడు

ముగ్గురి వివరాలు ఇస్తే రావాల్సినవి ఇవి. మొదటివాడు త్రీ షేరింగ్, అద్దె 8500, 6 రోజులు ఊళ్లో లేడు, రోజుకి 80 తగ్గింపు, కరెంటు వాటా 350: మొత్తం 8370. రెండోవాడు టూ షేరింగ్, అద్దె 11000, తగ్గింపు లేదు: 11350. మూడోవాడు అద్దె 8500, 10 రోజులు లేడు: 8050. ప్రోగ్రాం ముగ్గురికీ 8050 అనే చూపించింది. పేరు కూడా మూడుసార్లూ మూడోవాడిదే.

"లిస్టు సైజు 3 అనే వస్తోందక్కా. ముగ్గురూ ఉన్నారు. కానీ మొత్తం 3620 తక్కువ పడుతోంది" అన్నాడు. పేర్ల కంటే ముందు మొత్తం టాలీ కాకపోవడం అతని కంటపడింది. బీకాం బుద్ధి, ఎక్కడికి పోతుంది!

కోడ్ తెరిచాను. నాలుగు క్లాసులు: మెయిన్, రెసిడెంట్, బిల్లింగ్, రిపోర్ట్. అన్నిట్లో ప్రతి వేరియబుల్ (విలువ దాచుకునే పేరు) ముందూ ప్రతి మెథడ్ ముందూ స్టాటిక్, అంటే ఏ ఒక్క ఆబ్జెక్ట్‌దీ కాక క్లాసుదేనని చెప్పే మాట. ఎందుకు పెట్టావని అడిగితే, "పెట్టకపోతే ఎర్రగా వస్తుందక్కా" అన్నాడు.

ఆ ఎరుపు ఎక్కడ మొదలైందో ఇద్దరం వెనక్కి వెళ్లి చూశాం. మొదట బిల్లు లెక్క కట్టే మెథడ్‌ని మామూలుగానే రాశాడు. మెయిన్ మెథడ్ స్టాటిక్, కాబట్టి అక్కడి నుంచి నేరుగా పిలవగానే నాన్ స్టాటిక్ మెథడ్‌ని స్టాటిక్ కాంటెక్స్ట్ నుంచి పిలవకూడదని ఎర్రర్ వచ్చింది. ఎడిటర్‌లో బల్బు వెలిగింది. దాన్ని నొక్కితే స్టాటిక్ పెట్టమన్న సలహా కనిపించింది. పెట్టాడు, ఎర్రర్ పోయింది. కానీ ఆ మెథడ్ వాడే అద్దె వేరియబుల్ స్టాటిక్ కాదు, అక్కడ మళ్లీ ఎరుపు, మళ్లీ బల్బు. ఇలా ఒక మెథడ్ దగ్గర మొదలై క్లాసు దాటి క్లాసుకి పాకింది. ఎడిటర్ ప్రతి అడుగులోనూ కంపైల్ అయ్యే (ఎర్రర్ లేకుండా కోడ్ తర్జుమా అయ్యే) దారే చూపించింది. ఇక్కడ అద్దె ఎవరిదన్న సంగతి దానికి తెలియదు, తెలియాల్సిన పనీ లేదు.

స్టాటిక్ వేరియబుల్ క్లాసు మొత్తానికి ఒక్కటే ఉంటుంది. లూపులో న్యూ అని మూడు రెసిడెంట్ ఆబ్జెక్టులు (క్లాసు నమూనాతో మనిషికొకటిగా చేసినవి) నిజంగానే తయారయ్యాయి, లిస్టులోకీ చేరాయి. కానీ పేరు, అద్దె, రోజులు అన్నీ ఆ ఒక్క చోటే ఒకదాని మీద ఒకటి రాసుకుపోయాయి. చివరిగా రాసింది మూడోవాడిది. ఒక్కడితోనే పరీక్షించినన్నాళ్లూ అంతా సరిగ్గానే కనిపించింది. రెండో మనిషి వచ్చిన రోజున బయటపడింది.

నా దగ్గరికి రాకముందు ఏం చేశాడు

రూమ్మేటు ఒకతను ఇప్పటికే ఉద్యోగంలో ఉన్నాడు. "స్టాటిక్ అన్నీ తీసెయ్" అన్నాడు. సలహా సరైనదే, కానీ సగం. తీసేయగానే ఇరవై చోట్ల ఎరుపు తేలింది. ప్రతిచోటా మనవాడు ఒకటే మందు వేశాడు: ఏ మెథడ్‌కి రెసిడెంట్ కావాలో ఆ మెథడ్ లోపలే న్యూ రెసిడెంట్ అని కొత్త ఆబ్జెక్ట్ చేసుకోవడం. ఎర్రర్లు పోయాయి. ఈసారి ముగ్గురికీ 350 రూపాయల బిల్లు, పేర్ల చోట నల్ (ఏమీ లేదని).

ఈ 350 నాకు మంచి ఆధారంగా తోచింది. కరెంటు వాటా బిల్లింగ్ క్లాసులోనే ఉంది, అందుకే అది మాత్రం బతికింది. అద్దె 0, రోజులు 0. జావాలో ఆబ్జెక్ట్ ఫీల్డులకి (దాని లోపలి వేరియబుల్స్‌కి) మనం విలువ ఇవ్వకపోతే అంకెలకి 0, రిఫరెన్సులకి (ఏ ఆబ్జెక్టో చూపించేవాటికి) నల్ దానంతట అదే పడుతుంది. అదే ఒక మెథడ్‌లోని లోకల్ వేరియబుల్ అయితే విలువ ఇవ్వకుండా వాడబోతే కంపైలరే ఆపేస్తుంది. ఇక్కడ ఆపేవాడు లేడు, అందుకని ప్రోగ్రాం హాయిగా నడిచి తప్పు లెక్క ఇచ్చింది.

తర్వాత ఇంకెవరో "ఫీల్డులు ప్రైవేట్ చేసి గెట్టర్లు, సెట్టర్లు పెట్టు, డేటా వస్తుంది" అన్నారు. ప్రైవేట్ అంటే క్లాసు బయటివాళ్లు ముట్టుకోకూడనిది; గెట్టర్ దాని విలువ ఇచ్చే మెథడ్, సెట్టర్ మార్చే మెథడ్. వాటిని ఎడిటర్ చేత క్షణంలో పుట్టించాడు. మళ్లీ నలే. గెట్టర్ తనని ఏ ఆబ్జెక్ట్ మీద పిలిస్తే దాని లోపల ఉన్నదే ఇస్తుంది. పిలిచిందే అప్పుడే పుట్టిన ఖాళీ ఆబ్జెక్ట్ మీద అయితే ఎక్కడి నుంచి తెచ్చిస్తుంది? కొత్తగా నేర్చుకునేవాళ్లలో చాలామందికి గెట్టరంటే డేటాని ఇక్కడి నుంచి అక్కడికి మోసేదన్న నమ్మకం ఉంటుంది. అది తలుపు మాత్రమే. ఏ ఇంటి తలుపన్నది మనం చూసుకోవాల్సిన సంగతి.

మొదటి ప్రయత్నం: వివరించడం

మొదటి వారం బోర్డు మీద స్టాక్, హీప్ (మెమరీలో లోకల్ వేరియబుల్స్, ఆబ్జెక్టులు ఉండే చోట్లు) బొమ్మలు గీసి, రిఫరెన్సులకి బాణాలు వేసి చెప్పాను. బాగా విన్నాడు, అడిగితే తిరిగి చెప్పాడు కూడా. తర్వాతి వారం తెచ్చిన కోడ్‌లో రిపోర్ట్ క్లాసు లోపల మళ్లీ న్యూ రెసిడెంట్ ఉంది.

అప్పుడు ఆగి ఆలోచించాను. ఇతనికి వివరణలు తక్కువై కాదు. కోర్సంతా వివరణలే, వాటిని జవాబులుగా దాచుకోవడంలో దిట్ట. ఇంకో బొమ్మ గీస్తే ఇంకో జవాబు చేరుతుందంతే. "అక్కడి డేటా ఇక్కడికి ఎలా తెచ్చుకోవాలి" అన్న అతని ప్రశ్నలోనే అసలు చిక్కుంది. క్లాసులో డేటా ఉంటుందని అనుకుంటున్నాడు, అందుకే క్లాసు పేరు రాసి న్యూ అంటే ఆ డేటా వచ్చేస్తుందని ఆశ. డేటా ఉన్నది ఫలానా ఆబ్జెక్ట్‌లో. ఆ ఫలానా ఆబ్జెక్ట్‌నే ఎవరో చేతికి ఇవ్వాలి. ఇది నేను చెప్తే నిలవదు, అతని స్క్రీన్ మీదే కనిపించాలి అనుకున్నాను.

ఏది పనిచేసింది

ఆ పూట చేయించిన పని చాలా చిన్నది. మెయిన్‌లో వివరాలు నింపిన వెంటనే ఆ రెసిడెంట్ ఆబ్జెక్ట్‌ని అలాగే ప్రింట్ చేయమన్నాను. బిల్లింగ్ మెథడ్ లోపల వాడే ఆబ్జెక్ట్‌ని కూడా. ఆబ్జెక్ట్‌ని అక్షరాలుగా చూపే టు స్ట్రింగ్ మెథడ్‌ని ఓవర్‌రైడ్ చేయలేదు (మన తీరులో తిరగరాయలేదు) గనక, క్లాసు పేరు, ఎట్ గుర్తు, దాని తర్వాత ఏవో అక్షరాలూ అంకెలూ వస్తాయి. అవి ఆ ఆబ్జెక్ట్ హ్యాష్‌కోడ్ (జావా దానికిచ్చే ఒక అంకె), హెక్సాడెసిమల్ అనే 16 ఆధారిత అంకెల పద్ధతిలో. పిల్లలంతా దాన్ని చెత్త అనుకుంటారు, టు స్ట్రింగ్ రాసి దాన్ని పోగొట్టడం కోర్సుల్లో ముందే నేర్పేస్తారు. నాకిక్కడ కావాల్సింది ఆ చెత్తే.

రెండు లైన్లు వచ్చాయి. ఎట్ గుర్తు తర్వాత రెండిట్లోనూ వేర్వేరు అంకెలు. కాసేపు చూసి, "ఇద్దరూ వేరే మనుషులా అక్కా?" అన్నాడు. అవునన్నాను. ఇంకేం చెప్పలేదు.

తోటి ట్యూటర్ల కోసం ఒక జాగ్రత్త. ఆ అంకె మెమరీ అడ్రస్ కాదు. హ్యాష్‌కోడ్‌ని ఓవర్‌రైడ్ చేయని క్లాసులో, అంకెలు వేరైతే ఆబ్జెక్టులు వేరని గట్టిగా చెప్పొచ్చు. అంకెలు ఒకటే అయితే ఆబ్జెక్టూ ఒకటేనన్న హామీ మాత్రం లేదు. కచ్చితంగా తేలాలంటే రెండు ఈక్వల్ గుర్తులతో పోల్చాలి. ప్రోగ్రాంని ఆపి ఆపి చూపే డీబగ్గర్‌లో కూడా ప్రతి ఆబ్జెక్ట్‌కీ ఒక ఐడీ కనిపిస్తుంది, కానీ ఇతనికి డీబగ్గర్ కొత్త. కొత్త విషయాన్ని కొత్త పనిముట్టుతో చూపిస్తే బుర్ర పనిముట్టు మీదే ఉంటుంది, అందుకని ప్రింట్‌తోనే సరిపెట్టాను.

తర్వాత ఒక తాత్కాలిక నియమం పెట్టాం. న్యూ రెసిడెంట్ అనే మాట ప్రాజెక్ట్ మొత్తంలో ఒక్కచోటే ఉండాలి, అదీ మెయిన్‌లో వివరాలు చదివే లూపులో. మిగతావన్నీ చెరిపేయాలి. ఇది ఎప్పటికీ పాటించాల్సిన సూత్రం కాదని అప్పుడే చెప్పాను. ఎందుకు పెట్టానంటే, తప్పించుకునే దారి మూసేస్తే మిగిలిన దారి అతనికే కనిపిస్తుంది. చెరపగానే బిల్లింగ్‌లో ఆ వేరియబుల్ ఎవరో తెలియదని కంపైలర్ అంది. స్టాటిక్ వద్దు, న్యూ వద్దు. చాలాసేపు మెథడ్ పేరు పక్కనున్న ఖాళీ బ్రాకెట్ల వంక చూసి, రెసిడెంట్ ఆర్ అని పారామీటర్ (మెథడ్ బయటి నుంచి తీసుకునేది) రాశాడు. మెయిన్‌లో పిలిచే చోట లూపులోని ఆబ్జెక్ట్ ఇచ్చాడు. రన్ చేస్తే 350, 350, 350.

పేర్లు సరిగ్గా వచ్చాయి, బిల్లు మాత్రం మారలేదు. ఇది నేను ఊహించలేదు. చూస్తే మెథడ్ సరిగ్గా లెక్క కట్టి మొత్తాన్ని రిటర్న్ చేస్తోంది, అంటే పిలిచినచోటికి తిరిగి ఇస్తోంది. కానీ పిలిచేచోట ఆ విలువని ఎవరూ పట్టుకోలేదు. మెథడ్‌ని పిలిచి వదిలేసి, ముందే 350 పెట్టి ఉంచుకున్న పాత వేరియబుల్‌ని ప్రింట్ చేస్తున్నాడు. రిటర్న్ చేసిన విలువని పారేసినా జావా ఏమీ అనదు. రిటర్న్ అంటే స్క్రీన్ మీదికి పంపడం అన్న భ్రమ ఇంకా మిగిలి ఉందని అప్పుడు తెలిసింది. అందుకే ఆ రోజు నుంచి ప్రతి మెథడ్ రాసేముందు కాగితం మీద రెండు ముక్కలు రాయమన్నాను: ఎవరి నుంచి ఏం తీసుకుంటుంది, ఎవరికి ఏం ఇస్తుంది. రెండో ముక్క ఎదురుగా పేరు లేకపోతే ఆ విలువని పట్టుకునేవాడు లేడన్నమాట.

సరిచేశాక 8370, 11350, 8050. మొత్తం 27770. చేత్తో వేసిన లెక్కతో టాలీ అయింది.

అడ్వాన్సు దగ్గర ఇంకో మలుపు

ఒకరు ఖాళీ చేస్తూ చివరి నెల బిల్లు అడ్వాన్సులో పట్టుకోమంటారు. దానికొక మెథడ్ రాశాడు: అడ్వాన్స్, బాకీ రెండూ ఇంట్‌లుగా (మామూలు అంకెలుగా) తీసుకుని, లోపల అడ్వాన్స్‌లోంచి బాకీ తీసేస్తుంది. బయట అడ్వాన్స్ తగ్గలేదు.

"జావా పాస్ బై వాల్యూనా, పాస్ బై రిఫరెన్సా?" అని అడిగాను, అంటే మెథడ్‌కి విలువ కాపీ వెళ్తుందా, అసలు వేరియబులే వెళ్తుందా అని. "పాస్ బై వాల్యూ" అని టక్కున చెప్పాడు. ఆ జవాబే ఎదురుగా స్క్రీన్ మీద తగ్గని అడ్వాన్స్ రూపంలో కూర్చుని ఉందని గుర్తుపట్టడానికి ఇంకొంచెం టైమ్ పట్టింది.

అప్పుడు ఇంట్ బదులు రెసిడెంట్ ఆబ్జెక్ట్‌నే పంపి, దాని అడ్వాన్స్ ఫీల్డ్ తగ్గించాడు. ఈసారి బయటా తగ్గింది. వెంటనే "అయితే ఆబ్జెక్టులు మాత్రం రిఫరెన్స్‌తో పోతాయి కదక్కా" అన్నాడు. ఈ తీర్మానం ఇక్కడే వదిలేస్తే ముందుముందు గుచ్చుకుంటుంది. అందుకని ఖండించకుండా, బెడ్డులోకి కొత్తవాడు వచ్చే సందర్భం రాయమన్నాను. మెథడ్ ఆబ్జెక్ట్‌ని తీసుకుని, లోపల అదే పారామీటర్‌కి న్యూ రెసిడెంట్ అని కొత్త మనిషిని పెట్టింది. బయట ఇంకా పాతవాడే ఉన్నాడు.

దీనికి మాత్రం ఒక పోలిక వాడాను, పీజీదే. మెథడ్‌కి ఆబ్జెక్ట్ పంపడమంటే గది తాళంచెవికి డూప్లికేట్ చేయించి ఇవ్వడం. దాంతో లోపలికెళ్లి మంచం జరిపితే నీ తాళంచెవితో తెరిచినా జరిగిన మంచమే కనిపిస్తుంది. అతను ఆ డూప్లికేట్ పారేసి వేరే గది తాళంచెవి జేబులో వేసుకుంటే, నీ చేతిలోది మాత్రం నీ గదినే తెరుస్తుంది. జావా ఎప్పుడూ విలువని కాపీ చేసే పంపుతుంది. ఆబ్జెక్టుల విషయంలో ఆ కాపీ అయ్యేది రిఫరెన్స్.

ఇక డిజైన్ ప్రశ్న మిగిలింది. అడ్వాన్స్ తగ్గించే పని ఎవరు చేయాలి? బిల్లింగ్ క్లాసు చేతిలో పెడితే నడుస్తుంది. కానీ రేపు రిపోర్ట్ క్లాసు కూడా పొరపాటున అదే ఫీల్డ్ మీద చేయి వేయొచ్చు. బిల్లు మొత్తం అనేది లెక్క కట్టి ఇచ్చేది, అది రిటర్న్ అయితే చాలు, ఎవరి స్థితీ మారదు. అడ్వాన్స్ ఆ మనిషి దగ్గరే ఉండి నెలనెలా మారేది. కాబట్టి తగ్గించే మెథడ్ రెసిడెంట్ క్లాసులోనే పెట్టి, బాకీ కన్నా అడ్వాన్స్ తక్కువుంటే ఆపే షరతు కూడా అక్కడే రాశాం. ఫీల్డ్‌ని ప్రైవేట్ చేయడానికి అప్పుడు ఒక కారణం దొరికింది. ఇలా డేటానీ దాన్ని మార్చే మెథడ్‌లనీ ఒకేచోట కట్టి బయటివాళ్ల చేయి పడకుండా ఉంచడమే ఎన్‌క్యాప్సులేషన్. అంతకుముందు అది అతనికి డెఫినిషన్ మాత్రమే.

కన్‌స్ట్రక్టర్ (న్యూ అన్నప్పుడు ఆబ్జెక్ట్‌ని నింపే కోడ్) దగ్గర పెద్దగా కష్టపడలేదు. ఒక్క పిలుపులోనే అవసరమైంది పారామీటర్‌గా, ఆబ్జెక్ట్ ఉన్నంతకాలం అవసరమైంది కన్‌స్ట్రక్టర్ ద్వారా అని గీత గీసుకున్నాం. రిపోర్ట్‌కి బిల్లింగ్ ఆబ్జెక్ట్ అలా వెళ్లింది. మధ్యలో రెసిడెంట్ కన్‌స్ట్రక్టర్‌లో దిస్ (ఈ ఆబ్జెక్ట్‌ది అని చెప్పే మాట) మరిచిపోయి రెంట్ ఈక్వల్స్ రెంట్ అని రాశాడు. పారామీటర్‌కి పారామీటర్‌నే ఇచ్చుకోవడం అన్నమాట, ఫీల్డ్ 0గానే ఉండిపోతుంది. జావాసీ అనే జావా కంపైలర్ ఏమీ అనదు, కొన్ని ఎడిటర్లు మాత్రం హెచ్చరిస్తాయి. ఈసారి నన్ను అడగలేదు. 0 కనపడగానే "దీన్ని నింపాల్సినవాడు ఎవడు" అని వెనక్కి వెళ్లి తనే పట్టుకున్నాడు.

స్టాటిక్ మీద మాత్రం కోపం పెంచుకున్నాడు. రోజుకి 80 రూపాయల తగ్గింపు కూడా ప్రతి ఆబ్జెక్ట్‌లో వేర్వేరుగా పెట్టాడు. మనిషికో రకంగా మారుతుందా అని అడిగాను. లేదు, పీజీ మొత్తానికి ఒకటే. అయితే అది స్టాటిక్ ఫైనల్‌గా (క్లాసుకి ఒక్కటే, తర్వాత మారనిదిగా) ఉండటమే న్యాయం. మార్చాడు.

నేను నేర్పే తీరులో మార్చినవి

ఈ కేసు తర్వాత ఏ క్లాసు పరిచయం చేసినా మొదటి ఉదాహరణలోనే రెండు ఆబ్జెక్టులు చేయిస్తున్నాను, రెండిట్లో వేర్వేరు అంకెలతో. ఒకే ఒక్క స్టూడెంట్ ఆబ్జెక్ట్‌తో నడిచే పాఠంలో స్టాటిక్ తప్పు ఎన్నటికీ బయటపడదు. పిల్లవాడు అవుట్‌పుట్ చూసి ధైర్యం తెచ్చుకుంటాడు, ఆ ధైర్యం వారాల తరబడి పేరుకుంటుంది. పారామీటర్లు, రిటర్న్ రెండూ బాగా చేతికి వచ్చాకే స్టాటిక్ చెప్తున్నాను. మెయిన్ ముందున్న స్టాటిక్ సంగతి అడిగితే, జేవీఎం (జావా ప్రోగ్రాంని నడిపేది) ఏ ఆబ్జెక్టూ లేకుండానే దాన్ని పిలవాలి గనక అని ఒక్క వాక్యంలో ముగిస్తున్నాను. 2025 సెప్టెంబర్‌లో వచ్చిన జావా 25లో మెయిన్‌ని స్టాటిక్ లేకుండానే రాయొచ్చు, కాబట్టి స్టాటిక్ ఇలా పాకడం మొదలయ్యే మొదటి మెట్టు కొంతమందికి తప్పుతుంది. కానీ 2014 నాటి జావా 8 మీదే పాఠాలు చెప్పే చోట్లు ఇంకా ఉన్నాయి, మా దగ్గరికి వచ్చేవాళ్ల లాప్‌టాప్‌లలో అదే ఎక్కువ.

బల్బుని వాడొద్దని అనను. నొక్కేముందు అది ఏం చేయబోతోందో నోటితో చెప్పమంటాను. చెప్పలేకపోతే నొక్కడం లేదు.

వివరణ ఎప్పుడు ఆపాలన్నది మాత్రం మనిషిని బట్టి ఉంటుంది. ప్రోగ్రామింగే కొత్తయినవాళ్లకి బోర్డు మీద బొమ్మ బాగా పనిచేస్తుంది, వాళ్ల దగ్గర బట్టీ జవాబులు ఉండవు. కోర్సు చేసి వచ్చినవాళ్లకి ముందు వాళ్ల ప్రోగ్రాం చేతే సాక్ష్యం చెప్పించాక బొమ్మ గీస్తే నిలుస్తోంది.

ఓనరు ఇంకా లాంగ్ నోట్‌బుక్కే నమ్ముతున్నాడు. ఈ అబ్బాయి నెలాఖరున ప్రోగ్రాం లెక్కని ఆ నోట్‌బుక్‌తో పోల్చి చూస్తున్నాడు. ఈమధ్య వివరాలు డేటాబేస్‌లో దాచే పని మొదలుపెట్టాడు. డేటాబేస్‌తో మాట్లాడే కనెక్షన్ ఆబ్జెక్ట్ అన్ని క్లాసులకీ కావాలి, స్టాటిక్ పెట్టేయనా అని మెసేజ్ పెట్టాడు. నేను జవాబు టైప్ చేసేలోపే ఇంకోటి వచ్చింది: "వద్దులే అక్కా, టెస్టింగ్‌కి వేరే డేటాబేస్ పెట్టుకోవాలి, కన్‌స్ట్రక్టర్‌లో ఇస్తా." అలాగే ఇమ్మన్నాను. ఆ కనెక్షన్‌ని ఎవరు తెరిచి ఎవరు మూయాలన్నది వచ్చే శనివారం చూడాలి.